కోపం ఆ మనిషి మీదేనా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు అన్నీ ముందేసుకొని చదివితే చాలావరకు ఒకటే బాధ, ఎదుటి మనిషిలో ఏదో ఒక గుణం కనిపిస్తే చాలు ఒళ్లు మండిపోతాంది, అంత మంట ఎందుకో తెలియడం లేదు అని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టి ఇవే తీసుకున్నా. పేర్లు, ఇంటి గుర్తులు తీసేసినాం, మాటలు మాత్రం వాళ్లవే.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది అనంతపురం. అత్తమ్మ, మామ, మేము, మా మరిది వాళ్లు అందరం ఒక్కింట్లోనే ఉంటాం. నేను పెద్దకోడల్ని, పెళ్లయి పదహారేండ్లు. మరిది భార్య వచ్చి నాలుగేండ్లయింది. ఆ పిల్ల చెడ్డదని అనను, నన్ను అక్కా అక్కా అంటాది, మా పిల్లోళ్లకు లెక్కలు చెప్తాది. కానీ ఆమెను చూస్తే నాకు పడదు. పోయిన నెల మా ఆడబిడ్డ కొడుక్కి కదిరిలో పుట్టెంట్రుకలు తీయించి ఇంటికొచ్చినాం, ముప్పై మంది దాకా చుట్టాలు, భోజనాలు అయినాయి, అంట్లు తొట్టి నిండా పడున్నాయి. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, అక్కా నాకు నడుము పట్టేసింది ఒక గంట పడుకుంటా అని అందరి ముందరా చెప్పేసి రూములోకి పోయి ఫ్యాన్ వేసుకొని పడుకునింది. నాకు కళాయి తోముతాంటే చేతులు వణికినాయి కోపంతో. నెల దాటింది, ఇప్పటికీ రాత్రి గుర్తొస్తే నిద్ర పట్టదు. మా జేజి అనేది, ఆడపిల్ల పగలు నడుము వాలిస్తే ఇంటికి దరిద్రం అని. నేను జ్వరం వస్తే తప్ప పగలు పడుకున్నదాన్ని కాదు. మా ఆయనకు చెప్తే నువ్వే ఆ పిల్ల మీద పడి ఏడుస్తావు అంటాడు. తప్పు ఆమెదా నాదా చెప్పండి అక్కా.
– పెద్దకోడలు, అనంతపురం

జవాబు: తల్లీ, ముప్పై మంది తిన్న అంట్లు ఒక్కరి మీద పడటం అన్యాయమే, అక్కడ మీ కోపంలో న్యాయముంది, ఎవరు కాదన్నా నేను కాదనను. అయితే మీ ఉత్తరం రెండుసార్లు చదివినా, ఆ పిల్ల గంట తర్వాత లేచొచ్చి పని అందుకునిందా లేదా అనేది ఎక్కడా లేదు. పని గురించే బాధయితే ముందు రాసేది అదే కదా. మీరు రాసింది ఏందంటే, నడుము నొప్పి అని అందరి ముందరా నోరు తెరిచి చెప్పింది, పోయి పడుకునింది, ఎవరూ ఏమీ అనలేదు. మీకు మంట పెట్టింది అదీ.

ఇప్పుడు మీ జేజి మాట పక్కన పెట్టుకొని చూడండి. చిన్నపిల్లకు అలసట రాకుండా ఉండదు, మీక్కూడా వచ్చే ఉంటాది, ఎండాకాలం మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చి చాప మీద వాలిపోవాలనిపించే ఉంటాది, వాలితే తిట్లు. అలా కొన్నేండ్లు పోయేసరికి పిల్ల ఏం నేర్చుకుంటాదంటే, అలసిపోయినా అలసిపోలేదనుకోవడం నేర్చుకుంటాది. అలసట పోదు, నాకు చేతకావడం లేదు అని అడిగే నోరు మూతపడుతుంది, అంతే. ఆ తర్వాత అది మన గుణం కాదని, మనం అలాంటివాళ్లం కాదని గట్టిగా నమ్ముతాం, దాని మీదనే మన మంచిపేరు కట్టుకుంటాం. పెద్దకోడలంటే బండలాంటి మనిషి అని పదహారేండ్లుగా పేరు తెచ్చుకున్నారు మీరు. అలాంటి ఇంట్లోకి ఒక పిల్ల వచ్చి, మీరు ఇంతకాలం నోరు నొక్కుకున్న అదే మాటను చుట్టాల ముందు మామూలుగా అనేసి పోయి పడుకుంటే, లోపల ఉన్నది కదులుతాది. కదిలింది మనదే అని ఒప్పుకోలేం కాబట్టి ఆమె సోమరిది, ఆమె స్వార్థపరురాలు, ఆమెకు సిగ్గు లేదు అని అంతా ఆమె నెత్తిన పెడతాం. దీన్నే సైకాలజీలో ప్రొజెక్షన్ అంటారు. మనసు లోతుల్ని మాటలతో తవ్వి చూసే సైకో ఎనాలిసిస్ అనే పద్ధతికి మూలపురుషుడైన ఫ్రాయిడ్ 1895లోనే తన స్నేహితుడికి రాసిన ఉత్తరంలో దీని గురించి చెప్పినాడు, ఆయన కూతురు అన్నా ఫ్రాయిడ్ 1936లో మనసు తన్ను తాను కాపాడుకునే పద్ధతులన్నీ వరసగా పెట్టి వివరించినప్పుడు వాటిలో దీన్నీ చేర్చింది. యూంగ్ అనే స్విస్ డాక్టరు, మనం మనది కాదని తోసేసిన గుణాల మొత్తానికి నీడ అని పేరు పెట్టినాడు.

అయితే మీరు తప్పు ఆమెదా నాదా అని అడిగినారు, ఆ ప్రశ్నే మిమ్మల్ని తిప్పలు పెడతాంది. ఇక్కడ రెండు లెక్కలున్నాయి, కలపకూడదు. ఒకటి పని లెక్క. ఇంట్లో ఎవరు ఏం చేయాల అనేది మాట్లాడుకొని తేల్చుకోవాల్సిందే, ఆమె నిజంగానే పని తప్పించుకునే మనిషైతే అది చెప్పాల్సిందే. రెండోది మీ కోపం సైజు. ఒక గంట నిద్రకు ఒక నెల మంట వచ్చిందంటే ఆ మిగిలిన మంట ఆ గంటది కాదు, చాలా పాతది. ఎవరి విషయంలోనైనా నేను చూసేది ఇదే, జరిగింది ఎంత, వచ్చిన కోపం ఎంత, ఈ రెండింటికీ మధ్య తేడా ఎంత అని. తేడా తక్కువుంటే అది మామూలు కోపం, ఎదుటి మనిషితో మాట్లాడితే సరిపోతుంది. తేడా మరీ ఎక్కువుంటే కొంత మనలోపల కూడా వెతుక్కోవాల.

ఇంకోటి, ఇది లోపలే ఉండిపోయేది కాదు. మీరు ఆ పిల్లను సోమరిదనుకొని మొహం ముడుచుకొని తిరుగుతాంటారు, ఆ పిల్లకు వంటింట్లోకి రావాలంటేనే భయమేస్తాది, వస్తే ఏదో ఒకటి అంటారేమోనని రూములోనే ఉండిపోతాది, అప్పుడు మీకు చూసినారా నేనన్నది నిజమే అనిపిస్తాది. మెలనీ క్లైన్ అనే సైకో ఎనలిస్టు 1946లో దీని గురించి రాసింది, తోసేసిన దాన్ని ఎదుటి మనిషిలో చూడటంతో ఆగదు అని. ఎదుటివాళ్లు నిజంగానే అలా మారేదాకా మనమే నెడతాం అనే సంగతి ఆమె తర్వాత వచ్చినవాళ్లు ఇంకా బాగా విడమరిచి చెప్పినారు. ఉమ్మడి కుటుంబాల్లో నేను దీన్ని చాలా చూసినా, ఒక ఇంట్లో ఒకరు మంచి కోడలు, ఇంకొకరు చెడ్డ కోడలు అని పేర్లు పడితే ఇద్దరూ ఆ పేర్ల లోపలే ఇరుక్కుపోతారు.

ఇక చేయాల్సింది. ఈ వారంలో ఏదో ఒక మధ్యాహ్నం, జ్వరం లేనప్పుడు, అరగంట తలుపు దగ్గరకేసుకొని పడుకోండి. నిద్ర రాకపోయినా పర్లేదు. ఊరికే పడుకొని లోపల ఏం లేస్తుందో చూడండి, భయమా, తప్పు చేస్తున్నట్టా, ఎవరి గొంతు వినిపిస్తాంది, అత్తమ్మదా, జేజిదా. బహుశా మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటాది, లేచి పోయి ఏదో ఒకటి సర్దాలనిపిస్తాది, అరగంట అయ్యేదాకా లేవొద్దు. ఆ ఇబ్బందినే మీరు ఇన్నాళ్లూ ఆ పిల్ల మీద కోపంగా మోసినారు. అది కాస్త అలవాటైనాక ఆమెతో ఇంత మాత్రం అనండి, "చెల్లీ, ఈ పొద్దు అంట్లు నువ్వు చూసుకో, నాకు కాళ్లు లాగుతాండాయి." సాధింపు వద్దు, పాత లెక్కలు తీయొద్దు, నెల కిందటి గొడవ ఎత్తొద్దు. ఆ మాట మీ నోట్లోంచి బయటికి రావడమే కష్టం, అది వచ్చినాక ఆమె తోముతాదా లేదా అనేది చూద్దాం, తోమకపోతే అప్పుడు ఆమెతో మాట్లాడాల్సింది నిజంగానే ఉంది.

మీ ఆయన గురించి కూడా ఒక మాట అనకుండా ఉండలేను. మీద పడి ఏడుస్తావు అనడం ఎవరికీ ఉపయోగపడే మాట కాదు. ముప్పై మంది తిన్న అంట్ల గురించి ఇద్దరు ఆడోళ్ల మధ్య నెల రోజులు నలిగింది గానీ ఆ ఇంట్లో ఉన్న మగోళ్లు ఒక్కరైనా ఆ తొట్టి దగ్గరికి వచ్చినట్టు మీ ఉత్తరంలో లేదు, వాళ్ల మీద మీకు కోపం వచ్చినట్టూ లేదు. ఎందుకు రాలేదో అది కూడా ఆలోచించండి తల్లీ. కోపం ఎప్పుడూ సులువుగా పోయే దారిలోనే పోతుంది, ఇంట్లో మనకన్నా చిన్నవాళ్ల మీదికి.

ప్రశ్న: మేడమ్, ఎదుటోళ్లలో మనకు కనిపించే తప్పంతా నిజానికి మనలోదే అని మా కాలేజీకి వచ్చిన ఒక మోటివేషన్ స్పీకర్ చెప్పినాడు. గురివింద గింజకు తన కింద నలుపు తెలీదంట అని మా అవ్వ కూడా ఎప్పుడూ అంటాది. ఇది సైన్సా, సామెతా? దీనికి ప్రూఫ్ ఏమన్నా ఉందా?
– డిగ్రీ స్టూడెంట్, ఆదోని

జవాబు: మంచి ప్రశ్న అడిగినావు నాయనా. మీ అవ్వ చెప్పింది ఒకటి, ఆయన చెప్పింది ఇంకొకటి. సామెత చెప్పేది మన నలుపు మనకు కనపడదు అని. ప్రొజెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి, మనం ఏ నలుపునైతే దాచినామో అదే నలుపు ఊరందరిలో వెతుకుతాం అంటుంది. ఆ స్పీకర్ చెప్పింది మాత్రం పూర్తిగా తప్పు. లంచం అడిగిన మనిషి మీద నీకు కోపమొస్తే నీలో లంచగొండి ఉన్నట్టు కాదు, బస్సులో ఆడపిల్లను ఏడిపించినోణ్ని చూసి రక్తం మరిగితే అది నీ లోపలి గుణం కాదు, అది అన్యాయం చూస్తే మనిషికి రావాల్సిన కోపం.

ప్రూఫ్ సంగతి. ఫ్రాయిడ్ చెప్పిందల్లా తర్వాతవాళ్లు ఒప్పుకోలేదు, బాగానే కొట్లాడుకున్నారు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా సైకాలజిస్టు స్టూడెంట్లను కూర్చోబెట్టి తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దు, ఆలోచన వస్తే గంట కొట్టు అన్నాడు, పాపం వాళ్లు గంట కొడుతూనే ఉన్నారు. వద్దనుకున్న కొద్దీ అదే మనసులో తిరుగుతుంది అని తేలింది. దీన్ని పట్టుకొని 1997లో న్యూమన్, డఫ్, బౌమైస్టర్ అనే ముగ్గురు ఇంకో ప్రయోగం చేసినారు. మనుషులకు నీలో ఫలానా రెండు చెడ్డ గుణాలున్నాయని చెప్పి, వాటిలో ఒకదాని గురించి అస్సలు ఆలోచించొద్దన్నారు. తర్వాత ఒక తెలియని మనిషి వీడియో చూపించి ఎలాంటి మనిషో చెప్పమంటే, ఏ గుణాన్నైతే అణచిపెట్టుకున్నారో అదే ఆ వీడియోలో మనిషికి ఎక్కువ అంటగట్టినారు. అంటే వద్దని తోసేసింది కళ్ల ముందరే తిరుగుతుంటుంది, ఎవరు ఎదురుపడితే వాళ్ల మీద వాలుతుంది. అయితే 1998లో అదే బౌమైస్టర్ ఇంకో ఇద్దరితో కలిసి అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వడపోసి, మన గుణాలు ఎదుటివాళ్లలో చూడటం అనేది నిజమే గానీ, అలా చూడటం వల్ల మన మనసుకు రక్షణ దొరుకుతుంది అనే ఫ్రాయిడ్ మాటకు మాత్రం గట్టి రుజువు లేదు అన్నాడు. కాబట్టి జరిగేది నిజం, ఎందుకు జరుగుతుంది అనేది ఇంకా తెగలేదు.

మన దేశంలో ఇదేం నిన్నమొన్నటి ముచ్చట కూడా కాదు. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ అనే డాక్టరు కోరికల్ని అణచుకోవడం మీదనే థీసిస్ రాసి 1921లో అచ్చేసినాడు, మరుసటి ఏడాది ఇండియన్ సైకో ఎనలిటికల్ సొసైటీ పెట్టినాడు, ఫ్రాయిడ్‌తో ఏండ్ల తరబడి ఉత్తరాలు నడిపి, కొన్ని విషయాల్లో మీరు చెప్పింది మా దగ్గర పొసగదు అని ఆయనకే రాసినాడు. సైకాలజీ చదివే ఉద్దేశం ఉంటే ఆయన గురించి తప్పకుండా చదువు.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది కర్నూలు. విత్తనాలు, ఎరువుల షాపుంది. నా భార్య ప్రైవేట్ స్కూల్లో టీచర్. ఏడాదిగా నాకు ఆమె మీద అనుమానం. రాత్రి ఆమె నిద్రపోయినాక ఫోన్ తీసి చూస్తాను, స్కూల్ గ్రూపులో ఎవరు ఏం పెట్టినారు, ఎవరికి లైక్ కొట్టింది అన్నీ. ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. దొరకకపోతే డిలీట్ చేసింటాదిలే అనిపిస్తాది. ఆమె కాస్త మంచి చీర కట్టుకున్నా ఎవరి కోసం అంటాను. నిజం చెప్పాలంటే మా షాపుకొచ్చే కంపెనీ మేడమ్ ఒకామెతో నేను కొద్దిగా చనువుగా మాట్లాడతాను, రోజూ మెసేజ్ పెట్టుకుంటాం, అంతకుమించి ఏం లేదు, అది వేరే విషయం. నా భార్య నిజం చెప్పేలా చేయడం ఎలా?
– షాపు యజమాని, కర్నూలు

జవాబు: అన్నా, అది వేరే విషయం అన్నారే, కాదు. నా లెక్కలో మీ ఉత్తరమంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

అసూయ మూడు రకాలని ఫ్రాయిడ్ 1922లో రాసినాడు. మొదటిది అందరికీ వచ్చేదే, ప్రేమించిన మనిషి దూరమైపోతారేమో అనే భయం. రెండోది, మనం దారి తప్పినప్పుడో, తప్పాలని లోపల అనిపిస్తూ ఒప్పుకోలేనప్పుడో వచ్చేది. మన మనసు అటు లాగుతాంటే ఆ లాగుడుని భార్య మీదనో భర్త మీదనో వేసేస్తాం, ఆమె అట్ల చేస్తాంది అనుకుంటే మన గుండె బరువు తగ్గుతుంది, ఎందుకంటే అప్పుడు ఇద్దరం ఒకటే కదా. మూడోది జబ్బు, దాని సంగతి కింద చెప్తా. మీది ఏ రకమో కూర్చున్న చోటు నుంచి నేను తేల్చలేను గానీ, రెండో రకం గుర్తులు మీ ఉత్తరంలో బాగా కనిపిస్తున్నాయి. రోజూ మెసేజీలు పెట్టుకునేది మీరు, డిలీట్ చేసి ఉంటుందని అనుమానించేది ఆమెను. ఆ కంపెనీ మేడమ్ వచ్చే రోజు మీరు ఏ షర్టు వేసుకుంటారో గమనించుకోండి, ఆ రోజు రాత్రి భార్య చీర గురించి ఏమన్నారో కూడా. వారం పది రోజులు ఈ రెండూ పక్కపక్కన చిన్న పుస్తకంలో రాసుకుంటే ఎవరూ చెప్పకుండానే మీకే తెలుస్తాది.

నేను మిమ్మల్ని దోషి అనడం లేదు. ఇంకో మనిషి నచ్చడం నేరం కాదు, పెళ్లయిన చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అలా అనిపిస్తుంది. అనిపించింది అని లోపల ఒప్పుకున్న మనిషికి దాన్ని ఎంతవరకు పోనివ్వాలో తేల్చుకునే వీలుంటుంది. ఏం లేదు, ఏం లేదు అనుకునే మనిషికి ఆ వీలు ఉండదు, అది అనుమానమై ఇంట్లో ఆమె మీద పడుతుంది, మీ భార్య ఏడాదిగా చేయని తప్పుకు శిక్ష అనుభవిస్తాంది. ఆమె స్టాఫ్ రూములో ఎవరితోనైనా నవ్వి మాట్లాడటానికి కూడా జంకుతుంటుందేమో, ఆలోచించండి.

కాబట్టి ఆమెతో నిజం చెప్పించడం ఎలా అనే ప్రశ్న వదిలేయండి. ఈ రాత్రి నుంచి ఆమె ఫోన్ ముట్టుకోవద్దు, చేయి లాగినప్పుడల్లా మీ ఫోన్ తీసి మీ మెసేజీలు మొదటి నుంచి చదువుకోండి, మీ భార్య పక్కన కూర్చొని చదువుతున్నట్టు ఊహించుకొని చదవండి. ఎక్కడ సిగ్గనిపిస్తే అక్కడ గీత దాటినట్టు. కంపెనీ మేడమ్‌తో మాటలు షాపు లెక్కలకే కుదించుకోవాలా వద్దా అనేది అప్పుడు మీరే తేలుస్తారు. చీర గురించి అన్న మాటలకు మాత్రం భార్యకు సారీ చెప్పండి, అది ఆలస్యం చేయొద్దు.

ఇక మూడో రకం. ఎంత వెతికినా ఏమీ దొరక్కపోయినా నమ్మకం రవ్వంత కదలదు, చిన్నచిన్న విషయాలన్నీ సాక్ష్యాల్లాగే కనిపిస్తాయి, దానికి తోడు రోజూ మందు అలవాటుంటే, లేదా ఆమె మీద చేయి చేసుకునేదాకా పోతే, అప్పుడు ఈ కాలమ్ సరిపోదు. అది ట్రీట్‌మెంట్‌తో తగ్గే జబ్బు, మన కర్నూలు పెద్దాసుపత్రిలోనే సైకియాట్రీ విభాగం ఉంది, పోయి చూపించుకోండి. పోవడానికి మొహమాటమైతే టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు, పెళ్లయి రెండేండ్లు. మా ఆయన సైకాలజీ రీల్స్ బాగా చూస్తాడు. నేను ఏ బాధ చెప్పినా ఇది నీ ప్రొజెక్షన్ అంటాడు. వారం వారం నాతో మాట్లాడకుండా ఉంటాడు, ఎందుకు మాట్లాడవు అంటే నీలోనే దూరం ఉంది నాలో చూస్తాండావు అంటాడు. నా జీతం కార్డు ఆయన దగ్గరే ఉంటాది. పోయిన నెల చెంప మీద కొట్టినాడు. ఏడిస్తే, కోపం నీలో ఉంది, నీ కోపాన్నే నేను బయటికి చూపించినా అన్నాడు. నాకు తల తిరిగిపోతాంది, నిజంగా నాలోనే ఏదన్నా ఉందా?
– పేరు వద్దు, ప్రొద్దుటూరు

జవాబు: లేదమ్మా. చెంపదెబ్బ ప్రొజెక్షన్ కాదు. అది ఆయన చేయి, మీ చెంప. ఇందులో మీరు లోపల వెతుక్కోవాల్సింది ఏమీ లేదు.

ఇది మీకు మాత్రమే కాదు, ఈ కాలమ్ చదివే అందరికీ గట్టిగా చెప్తున్నా. ఈ ప్రొజెక్షన్ అనే మాట మనకు మనం వేసుకునే ప్రశ్న కోసం పుట్టింది, ఎదుటి మనిషి నోరు మూయించడానికి కాదు. నాకెందుకు ఇంత కోపమొచ్చింది అని ఎవరికి వాళ్లు అడుక్కుంటే ఉపయోగం. నీకు వచ్చిన బాధ నీ ప్రొజెక్షన్ అని ఇంకొకరికి చెప్తే అది వాదన గెలిచే ఎత్తు. పైగా మీ ఆయన విషయంలో చూస్తే, తన కోపం తనది కాదు నీది అంటున్నాడు, తన దూరం తనది కాదు నీది అంటున్నాడు. ఆ మాట ఎవరికి అతుకుతుందో మీరే చూడండి.

అనుమానం వచ్చినప్పుడు ఒకటి చేసి చూడండి. గదిలో మూడో మనిషి కూర్చొని ఉంటే వాళ్లకు కూడా కనిపించేదేనా ఇది? వారం రోజులు మాట్లాడకపోవడం కనిపిస్తుంది. జీతం కార్డు ఎవరి జేబులో ఉందో కనిపిస్తుంది. దెబ్బ కనిపిస్తుంది. ఇవి జరిగిన పనులు, మీరు ఊహించుకున్నవి కాదు. ఆయన మనసులో నన్ను తక్కువగా చూస్తున్నాడేమో అనే రకం ఆలోచన వచ్చినప్పుడు మాత్రమే, ఇది ఆయనదా నాదా అని ఆగి చూసుకోవడంలో అర్థముంది.

గృహహింస చట్టం 2005లో వచ్చింది. కొట్టడం ఒక్కటే హింస అని అందులో లేదు, మాటలతో మనసు విరిచేయడం, డబ్బు మీద అజమాయిషీ చేయడం కూడా దాని కిందికి వస్తాయి. మీరు కాపురం ఉంటున్న ఇంట్లో ఉండే హక్కు మీకు ఉంది, ఇల్లు ఎవరి పేరు మీదున్నా సరే. మహిళల హెల్ప్‌లైన్ 181, ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, మళ్లీ చేయెత్తితే 112. అమ్మవాళ్లింట్లోనో, పనిచేసే చోటనో నమ్మకమైన ఒక మనిషికి జరిగింది జరిగినట్టు, తేదీలతో సహా ఇప్పుడే చెప్పిపెట్టండి. బ్యాంకుకు పోయి ఆ కార్డు బ్లాక్ చేయించి కొత్తది మీ చేతికే వచ్చేట్టు చూసుకోవచ్చు, కానీ దాని వల్ల ఇంట్లో గొడవ పెరిగే భయముంటే ముందు 181 వాళ్లతో మాట్లాడి, మీరు క్షేమంగా ఉండే ఏర్పాటు అయినాకే ఆ పని పెట్టుకోండి. మళ్లీ రాయండమ్మా, ఎదురుచూస్తుంటా.

ప్రశ్న: అమ్మా, నేను కడపలో టీచరుగా రిటైర్ కాబోతున్నాను. కొడుకు బీటెక్ మూడో సంవత్సరం. రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్. ఎప్పుడు చూసినా అద్దం ముందు నిలబడి రకరకాల మనుషుల్లా మాట్లాడుతూ ఫోన్లో వీడియోలు తీసుకుంటూ ఉంటాడు. చూస్తే నాకు పిచ్చి కోపం, ఒకసారి ఫోన్ నేలకేసి కొట్టినాను. జులాయి, భాగోతాలోడా అని తిడతాను. వాళ్లమ్మ ఒకటి గుర్తు చేసింది, నేను కూడా వయసులో పద్యనాటకాలు ఆడేవాణ్ని. మా నాయన ఒప్పుకోలేదు, నా హార్మోనియం అమ్మేసినాడు, నేను టీటీసీలో చేరినాను. మళ్లీ దాని జోలికి పోలేదు, బాధ కూడా లేదు. ఇప్పుడు ఆ విషయం దేనికి అన్నాను ఆమెతో. మీరేమంటారు?
– ఒక తండ్రి, కడప

జవాబు: సార్, మీ ఇంట్లో ఆవిడ సరైన చోట చెయ్యి పెట్టింది.

పైన పెద్దకోడలికి నీడ గురించి చెప్పినా కదా, జనం అందులో చెడ్డవే ఉంటాయనుకుంటారు. యూంగ్ అలా అనలేదు. మంచి గుణాలు, ఉత్సాహం, కళ, ఇవి కూడా ఇంట్లో ఒప్పుకోకపోతే ఆ చీకట్లోకే పోతాయి అన్నాడు. హార్మోనియం అమ్మిన రోజు మీరు ఏడ్చినారో లేదో రాయలేదు. బాధ లేదు అని మాత్రం రాసినారు. ఇన్నేండ్ల తర్వాత కొడుకు గొంతు మార్చి మాట్లాడుతుంటే ఫోన్ నేలకేసి కొట్టేంత కోపం వచ్చిందంటే, బాధ లేదు అనే మాట నేను నమ్మలేకపోతున్నా. మీరు తిట్టిన తిట్టు కూడా చూడండి, బహుశా మీ నాయన మిమ్మల్ని అన్న తిట్టే అయి ఉంటుంది. 1885లో మన కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాల్ని ఇప్పటికీ కుటుంబాలకు కుటుంబాలే ఆడుతున్నారు, అక్కడ పిల్లోడు అద్దం ముందు నిలబడి వేషం కట్టి మాట్లాడితే పెద్దోళ్లు పక్కన కూర్చొని దిద్దుతారు. మీకు ఆ దిద్దే మనిషి దొరకలేదు, అది నిజంగా నష్టమే సార్, దాన్ని నష్టం అని ఇప్పటికైనా అనుకోవచ్చు.

బ్యాక్‌లాగులు మాత్రం నిజం సమస్యే, దాన్ని నేను తీసేయడం లేదు. అందుకే రెండూ ఒకే రోజు మాట్లాడొద్దంటున్నా. మొదట ఏదో ఒక సాయంత్రం వాడి పక్కన కూర్చొని నీ వీడియో ఒకటి చూపించు నాయనా అని అడగండి. మొదటి నుంచి చివరిదాకా చూడండి, మధ్యలో ఏమీ అనొద్దు. అయిపోయినాక మీకు రంగస్థలం తెలుసు కాబట్టి గొంతు ఎక్కడ తేలిపోయిందో, ఎక్కడ ఊపిరి పట్టాలో చెప్పగలరు, వాడు అడిగితే చెప్పండి. హార్మోనియం సంగతి వాడికి తెలుసో లేదో, తెలియకపోతే మీరే చెప్పండి, వాళ్లమ్మ నోట వినడం కన్నా మీ నోట వినడం వేరు. పగలగొట్టిన ఫోన్‌కు సారీ చెప్పండి. ఆ తర్వాత వారం ఆగి, ఈ రెండు సబ్జెక్టులు ఎప్పుడు రాస్తావు, ఏ తేదీకి, ఎవరి దగ్గర చెప్పించుకుంటావు అని ఎంత గట్టిగా అడగాలన్నా అడగండి, అప్పుడు వాడికి మీరు అడుగుతున్నది చదువు గురించే అని తెలుస్తుంది.